ఎనిమిదికీ ఆరుకీ మాయమయ్యే డిస్కు

"నేరాన్ని వాసన చూసి పట్టేవాళ్ళు ఈ భూమ్మీద ముగ్గురే ముగ్గురు, సనిత్! ఒకడు చచ్చిపోయాడు. ఒకడు ఇంకా పుట్టలేదు. మూడోవాడు ఇప్పుడు నీ టీ తాగుతున్నాడు."

తాగుతున్నది నా టీయే, అందులో సందేహం లేదు. తాగుతున్నవాడు నా పక్కింటి ప్రమోత్. రైల్వేలో ముప్పై ఏళ్ళు టికెట్లు తనిఖీ చేసి రిటైరై, పాక్‌చోంగ్ స్టేషను వెనక వీధికి తనను తానే డిటెక్టివ్‌గా నియమించుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన పట్టుకున్న టికెట్ లేని ప్రయాణికులు ఇద్దరు. అందులో ఒకావిడ స్టేషను మాస్టరు అత్తగారు. నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. నోరు మూసుకుని వినడం నాకు సర్వీసులో అలవాటైంది. దాన్ని ఆయన తన మేధస్సుకు జోహారు అనుకుంటాడు.

ఆ గురువారం పొద్దున బున్‌రువన్ పరుగులాంటి నడకతో వచ్చింది. వీధి చివర కుట్టుమిషను దుకాణం ఆవిడది. తల్లి చమ్నియన్ పోయి అయిదు రోజులైంది. ఆదివారం దహనం.

"ప్రమోత్ అన్నా, నా డిస్కు మళ్ళీ మాయమైంది!"

"ఎత్తుకుపోయిందెవరు?"

"ఎవరూ ఎత్తుకుపోలేదన్నా. బల్ల మీదే ఉంది. కంప్యూటరే 'ఇక్కడ ఏ డిస్కూ లేదు' అంటోంది."

"ఉంది, కానీ లేదు!" ప్రమోత్ కళ్ళు మూసుకున్నాడు. "సనిత్, రాసుకో. ఇది సామాన్యుడి పని కాదు."

నేనేమీ రాసుకోలేదు. నాకు బున్‌రువన్ మొహం చూస్తే జాలేసింది. మా దగ్గర దహనానికి వచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపరు కదా, పోయినవాళ్ళ బతుకూ ఫొటోలూ వంటలూ అచ్చేసిన చిన్న పుస్తకం చేతిలో పెట్టాలి. చమ్నియన్ ఎర్రకూర అంటే ఊరంతా పడి చచ్చేది. బౌద్ధ విహారంలో ఆవిడ గిన్నె దిగాకే పండగ మొదలయ్యేది. ఆ కూరకు మసాలా ముద్ద ఎలా నూరుతుందో నలభై ఏళ్ళు కన్నకూతురికీ చెప్పలేదు. మంచాన పడ్డాక మాత్రం మూడు నెలలపాటు ఒంటివేలితో టైపు చేసి, "నేను పోయాకే తెరువు" అని ఆ డిస్కులో దాచింది.

"సాయంత్రం ఆరున్నరలోగా అచ్చువాళ్ళకు పంపాలి. లేకపోతే పుస్తకంలో అమ్మ ఫొటో తప్ప ఏమీ ఉండదు," అంది బున్‌రువన్. "మళ్ళీ వచ్చి టైపు చేస్తుందా అన్నా?"

"ఏయే వేళల్లో మాయమవుతోంది?"

"సోమవారం నుంచీ రోజూ పొద్దున ఎనిమిదికీ, సాయంత్రం ఆరుకీ. నాకు తీరిక ఆ రెండు పూటలే. పగలంతా దుకాణం, ఆరు దాటగానే విహారంలో ఏడింటి ప్రార్థనకి ఏర్పాట్లు. పావుగంట టక్కు టక్కుమని మూలుగుతుంది, తీరా ఫైలు తెరుచుకుంటుందనగా చచ్చి ఊరుకుంటుంది. బాగుచేసే అతను చూసి, దీని గుండె పాడైంది, బ్యాంకాక్ పంపాలి, రెండు వారాలన్నాడు."

"వైరు మార్చి చూశావా?" అన్నాను.

"వైరా!" ప్రమోత్ నావైపు జాలిగా చూశాడు. "అందుకే నువ్వు పోస్టాఫీసులోనే ఆగిపోయావు. ఎనిమిదికీ ఆరుకీ ఏం జరుగుతుంది?"

"స్టేషను మైకులో జాతీయగీతం వస్తుంది."

"అప్పుడు ఊరంతా?"

"లేచి నిలబడుతుంది."

"కదలకుండా! ఊరంతా కదలకుండా నిలబడ్డ ఆ ఒక్క నిమిషంలో ఒకే ఒక్క మనిషి కదులుతున్నాడు. వాడే నేరస్థుడు!"

ఒప్పుకోవాలి, వినగానే నాకూ ఒళ్ళు జలదరించింది.

ప్రమోత్ దుకాణానికి వెళ్ళి, బల్ల చుట్టూ కొలతల టేపు కట్టి, ఎవరూ ఏమీ ముట్టుకోకూడదని ప్రకటించాడు. వేలిముద్రల కోసం డిస్కు మీద చెమటకాయల పౌడరు చల్లాడు. ఫ్యాను తిరుగుతోందని గమనించలేదు. పౌడరంతా ఆయన మొహానికి అంటుకుంది. అయినా భూతద్దం పెట్టి వెతికి, "దొరికింది! బొటనవేలి మీద గాటున్న మనిషి!" అని కేక పెట్టాడు.

నేను ఆయన బొటనవేలు పట్టుకుని ఆయనకే చూపించాను.

"ఊఁ," అన్నాడు ప్రమోత్. "నేరస్థుడు నన్ను అనుకరిస్తున్నాడు."

తర్వాత బజారుకి బయల్దేరాడు. అక్కడ పికున్ అనే ముసలామె కూర ముద్దలు నూరి అమ్ముతుంది. చమ్నియన్ రహస్యం అచ్చు కాకపోతే లాభం ఆవిడకేనని ప్రమోత్ లెక్క.

"పొద్దున ఎనిమిదింటికి ఎక్కడున్నావు పికున్ అక్కా?"

"ఇక్కడే నిలబడి ఉన్నాను. ఇంకెక్కడుంటాన్రా?"

"సాక్షులు?"

"బజారంతా."

"బజారంతా ముందుకు చూస్తూ నిలబడితే నిన్ను చూసిందెవరు?"

"ఈ రోకలి చూసింది. దగ్గరికి రా, చెవిలో చెబుతుంది."

ప్రమోత్ రెండడుగులు వెనక్కి వేసి, "చమ్నియన్ ముద్ద గురించి నీకేం తెలుసు?" అన్నాడు. ముసలామె చటుక్కున మొహం తిప్పుకుని, కత్తిపీట ముందుకు లాక్కుంది.

"చూశావా? కన్నీళ్ళు! పశ్చాత్తాపం!" అన్నాడు నా చెవిలో.

"ఉల్లిపాయలు తరుగుతోంది," అన్నాను.

సాయంత్రం అయిదున్నరకు ప్రమోత్ బల్ల కిందికి దూరాడు. దొంగ చెయ్యి డిస్కు మీద పడగానే పట్టుకుంటాడట. బున్‌రువన్ కంప్యూటర్ ముందు కూర్చుంది. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కోగానే డిస్కు మూలగడం మొదలెట్టింది. నేను వైరు సంగతి ఎత్తబోతే, బల్ల కింద నుంచి "ష్!" అని వినిపించింది. బున్‌రువన్ గడియారం వంకా తెర వంకా మార్చి మార్చి చూస్తోంది. ఆరుకి ఒక నిమిషం ఉందనగా తెర మీద ఫైలు పేరు కనిపించింది.

మైకులో గీతం మొదలైంది. బున్‌రువన్ కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడింది. నేనూ నిటారుగా నిలబడ్డాను. ముప్పై ఏళ్ళు ప్లాట్‌ఫారం మీద రోజుకు రెండుసార్లు నిలబడ్డ ఒళ్ళు ప్రమోత్‌ది. తాను బల్ల కింద ఉన్నానని ఆలోచించుకునేలోపే ఆ ఒళ్ళు లేచింది.

ఢామ్మని చప్పుడైంది.

గీతం వస్తుంటే కదలకూడదు. కాబట్టి ఆయన అలాగే, నడుం వంచి, బల్లను వీపున మోస్తూ, దాని నాలుగు కాళ్ళూ గాల్లో ఊగుతుండగా భక్తిగా నిలబడ్డాడు. కంప్యూటర్ తెర గోడకు జారగిలబడింది. డిస్కు మెల్లగా జారుతూ వచ్చి అంచు దగ్గర ఒక్క క్షణం ఆగింది. బున్‌రువన్ కళ్ళు పెద్దవయ్యాయి గానీ చెయ్యి కదపలేదు. డిస్కు వైరును పుటుక్కున తెంపుకుని కిందనున్న నల్లబట్టల ముక్కల బుట్టలో పడింది. వీధిలో ఒక్కరూ కదల్లేదు, మేమూ కదల్లేదు. ఆ గీతం అంత పొడుగని నాకు అంతకు ముందెప్పుడూ తెలియదు.

అయిపోగానే ముగ్గురం ఒక్కసారి అరిచాం. తెగిన వైరు చేతిలోకి తీసుకుని చూశాను. మధ్యలో నలిగి, లోపలి రాగి తీగ బయటికొచ్చింది. దాని మీద కుర్చీ చక్రం మచ్చ స్పష్టంగా ఉంది. గీతానికి లేచినప్పుడల్లా కుర్చీ వెనక్కి పోతుంది, చక్రం నేల మీదికి వేలాడే వైరు మీదికి ఎక్కుతుంది, డిస్కు పోతుంది. జేబులోంచి నా ఫోను వైరు తీసి గుచ్చాను. డిస్కు దగ్గకుండా మూలగకుండా తెరుచుకుంది.

"అనుకున్నదే," అన్నాడు ప్రమోత్, నెత్తిన బొప్పి తడుముకుంటూ. "వల పన్నాను. నేరస్థుడు చిక్కాడు."

"ఎవరు నేరస్థుడు?"

"కుర్చీ."

బున్‌రువన్ ఇవేమీ వినడం లేదు. చివరి పేజీ చదువుతోంది. భుజం మీదుగా నేనూ చదివాను.

"ఎర్రకూర ముద్ద. దీన్ని నేనెప్పుడూ నూరలేదు. నలభై ఏళ్ళుగా పికున్ దగ్గర దొడ్డిదారిన కొంటున్నాను. ఎవరికీ చెప్పనని దాని చేత ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు అది నిలబెట్టుకుంది, పేరు నేను కొట్టేశాను. ఆ పేరు దానిది, దానికి ఇచ్చేయండి."

బున్‌రువన్ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"ఈ పేజీ కూడా అచ్చు వేయిస్తావా అమ్మా?" అన్నాను.

"అమ్మ ఒంటివేలితో కొట్టింది అన్నా. ఒక్క అక్షరం తీయను."

ఆరూ ఇరవైకి ఫైలు అచ్చువాళ్ళకు చేరింది.

ఆదివారం విహారంలో పికున్ అందరిలాగే పుస్తకం తీసుకుంది. మెట్టు మీద కూర్చుని చివరి పేజీ రెండుసార్లు చదివింది. తర్వాత, చివరి వీడ్కోలుగా చితి మీద ఉంచే గంధపుచెక్క పువ్వు పట్టుకుని శవపేటిక దగ్గరికి వెళ్ళి, అందరూ వింటుండగా అంది:

"ఏమే చమ్నియన్, ఈ ముక్క బతికుండగా చెప్పకూడదటే? రేపు ఊరంతా నా కొట్టు మీద పడితే ఈ వయసులో నూరేదెవరే?"

ఆ పువ్వును చితి మీద పెట్టడానికి మాత్రం ఆవిడకు చాలాసేపు పట్టింది.