బొట్టు పెట్టి పిలిచిన ఉప ఎన్నిక

ఆ ఆదివారం లింగవ్వ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా చాయ్ తాగడం, తొమ్మిదింటికల్లా నాలుగో గల్లీలో ఇంటింటికీ బొట్టు పెట్టి రావడం, పదింటికి సంఘం హాలు తాళం తీయడం, ఒంటిగంటకు భర్త పక్షం గెలవడం. ఇందులో తప్పిపోవడానికి ఏముంది అని ఆమె ధీమా.

భర్త అంటే బుచ్చిరాములు. సూరత్‌లోని డిండోలిలో మగ్గాల మీద బతికే తెలుగువాళ్ల సంఘానికి పదకొండేళ్లుగా ప్రెసిడెంటు. సంఘంలో ఏడు గల్లీలు, గల్లీకొక మెంబరు. ఎక్కువమంది మెంబర్లు ఎవరి వైపు ఉంటే వాళ్లదే పెత్తనం. బుచ్చిరాములు పక్షం గుర్తు మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె. ఎదుటి పక్షానికి నాయకుడు బక్కయ్య, గుర్తు కత్తెర. పదకొండేళ్లూ ఏడుకు ఏడు నాడెవే. ఈ ఏడాది ఏ గాలి తిరిగిందో ఏమో, ఒక మెంబరు సిరిసిల్లకు మకాం ఎత్తేశాడు, ఉప ఎన్నిక పెట్టారు, కత్తెర గెలిచింది. ఇంకొకడు జోల్వాలో మగ్గాల ఖాతాలో, అంటే కార్ఖానాలో, మంచి పని దొరికిందని వెళ్లాడు, మళ్లీ ఉప ఎన్నిక, మళ్లీ కత్తెర. ఇప్పుడు నాలుగో గల్లీ మెంబరు కూడా వాడి వెనకాలే జోల్వా పోయాడు. ఇదీ పోతే నాడెకు నాలుగు, కత్తెరకు మూడు. ఒక్క మెంబరుకు జలుబు చేసి మీటింగుకు రాకపోయినా గద్దె కదులుతుంది. దీపావళి తర్వాత ఎలాగూ అసలు ఎన్నికలున్నాయి.

"ఉప ఎన్నికలకు ఇలువుండదే," అన్నాడు బుచ్చిరాములు చాయ్ ఊదుకుంటూ. "వంద ఓట్లుంటే నలభై పడ్డయి. మనోళ్లు ఇంట్ల పండుకున్నరు. కోపమున్నోడే పొద్దుగాల లేసి ఓటేస్తడు. అసలు ఎలక్షన్ల జూడు, అందరొస్తరు, మనమే గెలుస్తం."

"మరి ఆ పండుకున్నోళ్లను లేపాలె గద," అంది లింగవ్వ. "మీరేం జేసిన్రు? ఫోన్ల మెసేజ్ వెట్టిన్రు. మెసేజ్ జూసి ఎవడన్న మంచం దిగుతడా? గడప మీద నిలవడి బొట్టు వెడితే ఇంటిల్లిపాది కదులుతది."

ఆ గెలుపు బుచ్చిరాములుకు ఎంత కావాలో లింగవ్వకు అంతకు రెండింతలు కావాలి. సంఘం హాలు తాళంచెవి, వాళ్ల మాటలో చావీ, పదకొండేళ్లుగా ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలోనే ఉంది. పేరు పెట్టడానికైనా, దినాలకైనా, లగ్గం మాటలకైనా హాలు కావాలంటే ఆమె గుమ్మం ఎక్కాల్సిందే. ఎక్కినవాళ్లకు పీట వేస్తుంది, చాయ్ పోస్తుంది. అత్త ఎట్లున్నది, ఆడబిడ్డ సంబంధం కుదిరిందా, మూడేళ్ల కింద తమ్ముడితో వచ్చిన మాటపట్టింపు తేలిందా అని వరసగా అడుగుతుంది. ఏ ఇంట్లో ఏ బిడ్డ ఏ వానరోజు పుట్టిందో ఆమెకు నోటికొచ్చు. కొడుకూ కోడలూ పొద్దున్నే ఖాతాకు పోతే చీకటి పడ్డాకే రాక. పెత్తనం పోతే చావీ పోతుంది. చావీ పోతే ఆ గుమ్మం ఎవరెక్కుతారు? ఈ సంగతి మాత్రం ఆమె ఎవరితోనూ అనలేదు.

కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరబోతుంటే మనవరాలు కోమలి అడ్డం వచ్చింది. కాలేజీ పిల్ల, సూరత్‌లోనే పుట్టింది.

"బాపమ్మా, రుకో. ఉమాకాంత్ సారు హాలు తలుపుకు రూల్స్ అంటించిండు. ఈ రోజు ఎవ్వరి గడప మీదనైనా ఓటు అన్నా, నాడె అన్నా, సురేశ్ కాకా పేరెత్తినా ఖతం. సీటు కేన్సిల్."

ఉమాకాంత్ సారు రిటైరైన పంతులు, సంఘానికి ఎన్నికల అధికారి. సురేశ్ నాడె తరఫున నిలబడ్డ కుర్రాడు.

"అననే అనను," అంది లింగవ్వ. "రూలంటే రూలే. నా నోట్లకెల్లి ఆ మాటొస్తే అడుగు."

అన్నమాట ప్రకారం ఆమె ఆ మాట అనలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మొదటి ఇల్లు వినోదది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. లింగవ్వ గడప దగ్గర నిలబడి, గరిట పట్టుకునే వచ్చిన వినోదకు నిండుగా బొట్టు పెట్టింది.

"పదింటికి హాలుకు రాండ్రి బిడ్డా. ఇంటిల్లిపాది రావాలె."

"దేనికి పెద్దమ్మా?"

"అది నేను చెప్పొద్దు."

"కోమలికి సంబంధం కుదిరిందా ఏంది?"

"దానికింకా చదువే కాలే."

"మరి?"

"వస్తే నీకే ఎరుకైతది. ఇంట్ల ఒక్కరు గూడ ఉండొద్దు. మీ మామకు నడవరాకపోతే కుర్సీ మీద ఎత్తుకొని రాండ్రి."

లింగవ్వ పక్కింటికి కదలగానే వినోద పొయ్యి ఆర్పేసింది. బొట్టు పెట్టి, ఇంటిల్లిపాదినీ రమ్మని, ముసలివాళ్లను కుర్చీ మీద తెమ్మంటే అక్కడ విస్తళ్లు వేస్తారని ఎవరైనా చెప్పాలా? అలాంటి పిలుపుకు ఇంట్లో తిని పోతే పిలిచినవాళ్లను చిన్నచూపు చూసినట్టే. గల్లీ పొడుగునా ఒక్కొక్క పొయ్యీ ఆరిపోయింది.

నాలుగో గల్లీతో ఆగితే బాగుండేది. కానీ నాలుగో గల్లీ చివరి ఇంటికీ ఐదో గల్లీ మొదటి ఇంటికీ గోడ ఒకటే. "మాకు బొట్టు లేదా పెద్దమ్మా? మేమేం పాపం జేసినం?" అని గోడ మీదుగా ఒకామె అడిగింది. అక్కడ ఓటు లేదు, కాబట్టి పిలవనక్కర లేదు. కానీ లేదని చెప్పాలంటే ఓటు అనే మాట అనాలి, రూలు ఒప్పుకోదు. పెట్టింది. ఐదో గల్లీకి పెట్టాక ఆరో గల్లీ అలిగింది. తొమ్మిదిన్నరకు భరిణె ఖాళీ అయితే ఎవరింట్లోనో అడిగి నింపుకుంది.

ఈలోగా వినోద ఆలోచనలో పడింది. పండగా కాదు, లగ్గమూ కాదు, మరి ఈ దావత్ దేనికి? ఆలోచించగా ఆలోచించగా తట్టింది. అక్కకు ఫోన్ చేసింది. "వరుసగ రెండు ఓడిన్రు గదా. మూడోది గూడ పోతదని ముసలాయనకు ఎరుకైనట్టుంది. మర్యాదగ దిగిపోతుండు. పోయేముందు అందరికి అన్నం వెడుతుండు." అక్క ఇంకొకరికి చెప్పేసరికి అన్నం మటనైంది. పర్వత్ పాటియాలో చాయ్ హోటల్ ముందు కూర్చున్న బక్కయ్య చెవిన పడేసరికి బుచ్చిరాములు రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకున్నాడని కూడా తేలిపోయింది. బక్కయ్య వెంటనే వెళ్లి పెద్ద పూలదండ కొన్నాడు.

పదింటికి హాలు ముందు మూడు వందల మంది. పిల్లలు, ముసలివాళ్లు, ప్లాస్టిక్ కుర్చీలో ఊరేగి వచ్చిన వినోద మామ. తలుపుకు తాళం. తాళంచెవి ఆరో గల్లీలో బొట్టు పెడుతోంది.

అది చూసి బుచ్చిరాములు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "జూసినవా ఉమాకాంత్ సారూ! పోలింగంటే గిది! మనోళ్లు కదిలిన్రు."

అంతలో బక్కయ్య జనాన్ని తోసుకుని వచ్చి అతని మెడలో దండ వేసి, రెండు చేతులూ జోడించాడు. "ఎంతైనా పెద్దమనిషివన్నా. పదకొండేండ్లు జేసినవ్. ఓడగొట్టించుకోకుంట హుందాగ తప్పుకుంటున్నవ్."

"ఎవడు తప్పుకునేది?"

"మరి దావత్?"

"ఏ దావత్?"

 కుర్చీలోని ముసలాయన మెల్లగా అడిగాడు. "అంటే అన్నం లేదా?"

ఉమాకాంత్ సారు కళ్లజోడు సర్దుకున్నాడు. "పోలింగ్ రోజు భోజనం పెడితే అది లంచం. నాడె అభ్యర్థిని రద్దు చేస్తాను."

"లేదు సారూ! ఒక్క మెతుకు లేదు! పోచమ్మ తోడు, వండనే లేదు!" అని బుచ్చిరాములు గట్టిగా అరిచాడు.

"బొట్టు వెట్టి పిలిచి మెతుకు లేదంటవా?" అని వినోద అంతకంటే గట్టిగా అరిచింది. "పొయ్యి మీది పప్పు సగం ఉడికింది సగం ఉడకనట్టే ఇడిసిపెట్టొచ్చిన! మామకు కొత్త ధోతి గట్టిన!"

అన్నం ఉందంటే సీటు పోతుంది. లేదంటే పరువు పోతుంది. బుచ్చిరాములు మెడలో దండతో అటూ ఇటూ చూశాడు. దండ తీసేయాలని కూడా తోచలేదు.

లింగవ్వ వచ్చేసరికి పదిన్నర. జనం వెనకాల ఇరుక్కుపోయి ముందుకు పోలేక నిలబడింది. ఆమె ముందు ఇద్దరు ఆడవాళ్లు, వెనక ఎవరున్నారో చూడకుండా మాట్లాడుకుంటున్నారు.

"నేనైతే ఈసారి గూడ కత్తెరకే. ముసలాయన మీద నాకేం కోపం లేదు, మంచోడు. ఆ చావీకి పోవుడే నాతోని గాదు. మా నాయిన దినాలకు హాలు అడగవోతే, నీ మొగడు తాగుడు మానిండా అని గంటసేపు కూసోవెట్టింది."

"నాకైతే సగం పూట హాజరు పోయింది. సేఠ్ తిట్టిండు. చాయ్ మాత్రం మంచిగనే పోస్తది, ఉన్నమాట చెప్పాలె."

వాడు మానలేదని నాకెప్పుడో ఎరుక అని జవాబు లింగవ్వ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.  చెయ్యి మాత్రం దానంతట అదే నడుము దగ్గరి సంచి మీదికి పోయింది. పదకొండేళ్లుగా వాళ్లందరూ తనను చూడటానికి వస్తున్నారని అనుకుంది. పని కోసం వచ్చి, చాయ్ గొంతు దిగేదాకా గడియారం చూసుకుంటూ కూర్చున్నారన్నమాట.

"జరగుండ్రి," అంది. ఆ గొంతు విని ఆ ఇద్దరూ వెనక్కి తిరిగి చప్పున పక్కకు తప్పుకున్నారు. లింగవ్వ తలుపు దగ్గరికి పోయి, ఎడమ మోకాలితో తలుపును నొక్కి, తాళాన్ని కొంచెం పైకెత్తి, చావీని మొదట వెనక్కి అరచుట్టు తిప్పి, తర్వాత ముందుకు తిప్పింది. తాళం ఊడింది. ఆ ఒడుపు ఆమె ఎవరికీ నేర్పలేదు. ఎవరూ అడగలేదు.

తర్వాత గడప మీద నిలబడి జనం వైపు తిరిగింది.

"బొట్టు వెట్టింది నేను. తప్పు నాది. పిలిచి ఆకలితోని పంపియ్య. ఉమాకాంత్ సారూ, ఆయన వెడితే లంచం, బక్కయ్య వెడితే లంచం. ఎవరి బియ్యం వాళ్లు దెచ్చుకొని అందరు గలిసి తింటే ఏమంటది మీ రూలు?"

ఉమాకాంత్ సారు తలుపు మీది కాగితాన్ని పైనుంచి కిందికి చదివాడు. చించి వెనకవైపు కూడా చూశాడు. "ఏమీ అనదు," అన్నాడు.

"అయితే ఇంటికో గ్లాసు బియ్యం, గుప్పెడు పప్పు. వినోదా, ఆ సగం ఉడికిన పప్పు గూడ పట్టుకురా, మిగిలిన సగం ఇక్కడ ఉడుకుతది. ఓట్లయినంకనే విస్తరి."

హాలు వెనక పొయ్యిలు వెలిగాయి. పెద్ద గిన్నెలు ఎక్కాయి. ఒకామె పచ్చిపులుసు కలపడానికి కూర్చుంది. అన్నం ఉడికేదాకా చేసే పనేమీ లేక నాలుగో గల్లీవాళ్లంతా వరసలో నిలబడి ఓటేశారు. నూట నాలుగు ఓట్లలో నూట ఒకటి పడ్డాయి. ఒకడు డ్యూటీలో ఉన్నాడు, ఇంకొకడు ఆస్పత్రిలో ఉన్నాడు. మూడోవాడు బక్కయ్య బావమరిది, ప్రెసిడెంటు దిగిపోయాక ఇంకా ఓటెందుకని పర్వత్ పాటియాలోనే చాయ్ తాగుతూ ఉండిపోయాడు.

"నూట ఒకటి!" అన్నాడు బుచ్చిరాములు భార్య చెవిలో. "లేపినవే! మనోళ్లందరిని లేపినవ్."

ఒంటిగంటకు ఉమాకాంత్ సారు చీటీలు లెక్కపెట్టి చదివాడు. కత్తెర గుర్తు మీద నిలబడ్డ మంగకు డెబ్బై తొమ్మిది. నాడెకు ఇరవై రెండు.

బుచ్చిరాములు వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాడు. "పోయినసారి తొమ్మిది ఓట్లతోనే ఓడినం గదనే," అన్నాడు చివరికి.

"అవునయ్యా. వాళ్లు పండుకున్నప్పుడే మనకు మంచిగుండె."

గెలిచిన మంగ మార్కెట్లో చీరలు మడతపెట్టే పనికి పోయే పిల్ల. పెళ్లయి రెండేళ్లయింది. ప్రచారంలో ఆమె చేసిన వాగ్దానం ఒక్కటే. హాలు పక్కన కిరాణా కొట్టులో మేకుకు చావీ వేలాడదీస్తాను, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు అని. పెత్తనం ఇంకా నాలుగు, మూడుతో తమదే అయినా, విస్తళ్లు వేసే ముందు లింగవ్వ సంచి ముడి విప్పి చావీని ఆమె చేతిలో పెట్టింది.

"వట్టు బిడ్డా. పదకొండేండ్ల నుంచి నా నడుముకున్నది. జర భద్రం."

మంగ వంగి కాళ్లకు మొక్కింది. బక్కయ్య తెచ్చిన దండ మెడలో ఉండగానే బుచ్చిరాములు రెండుసార్లు పచ్చిపులుసు పోయించుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే మళ్లీ మొదలుపెట్టాడు. "ఏమన్న అను, ఉప ఎన్నికలతోని ఏమి ఎరుకగాదు."

"ఎందుకు గాదు? మూడుసార్లు ఒక్కటే మాట జెప్పినయ్. మనం మెసేజ్‌లు పంపుకుంట కూసున్నం, ఇనలే."

"దీపావళికి మన గతేందే మరి?"

"ఏం గతి? ఇంక నాలుగు గల్లీలున్నయి. వాళ్ల కోపమంతా చావీ మీదనే. చావీ ఇచ్చేసినం. ఇగ నీకు ఎదురేంది?" అంది లింగవ్వ. భర్త ధైర్యానికి అన్నదే అయినా, అన్నాక నిజమేననిపించింది.

మర్నాడు పొద్దున ఆమె ఇద్దరికే చాయ్ పెట్టింది. నడుము తేలిగ్గా ఉంది. ఆ తేలిక బాగాలేదు. గుమ్మం వైపు చూడకూడదనుకుని మూడుసార్లు చూసింది.

ఏడింటికి తలుపు చప్పుడైంది. బయట మంగ, చేతిలో చావీ, వెనక చంటిపిల్లతో ఒక బాలింత, ఆమె అత్త.

"పెద్దమ్మా, తాళం వస్తలేదు. అరగంట సంది తిప్పుతున్నం. వీళ్లింట్ల ఈ పొద్దు పేరు వెట్టేదున్నది. నేను ఎనిమిదింటికి మార్కెట్ల ఉండాలె."

"ఎందుకు రాదు? దానికో ఒడుపున్నది," అంది లింగవ్వ పీటలు వాలుస్తూ. "చెప్త, కూసో. కోమలీ, ఇంకో మూడు చాయ్ వెట్టు. ముందుగాల జెప్పు మంగా, మీ అత్త మోకాలు ఎట్లున్నది?"

మంగ గడియారం చూసుకుంది, పీట చూసింది, కూర్చుంది.

తాళం మార్చాలని ఆ వారమే కమిటీలో మంగ తీర్మానం పెట్టింది. మూడుకు నాలుగు ఓట్లతో అది వీగిపోయింది, ఆ నాలుగూ నాడెవే.