రామదాస్ ఇంటికి వచ్చినవాళ్ళు

ఆదివారం పొద్దున రామదాస్ పెట్టుకున్న పని ఒక్కటే: గేటుకు ఆకుపచ్చ రంగు వేయడం. నాందేడ్ బజారులో అతనికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. గిన్నె కొనడానికి వచ్చినవాడు గిన్నె వంక కాక గల్లాపెట్టె వంక చూస్తున్నాడేమోనని కనిపెట్టి కూర్చునే మనిషి. రంగు డబ్బా కొన్నప్పుడు కూడా అడుగుదాకా పుల్ల పెట్టి చూసిగానీ తీసుకోలేదు.

అతని కూతురు శుభాంగి మేడమీద గదిలో కూర్చుని ఒక పుణె కంపెనీకి కోడ్ రాస్తుంది. ముందురోజే సొంతంగా ఒక యాప్ తయారుచేసి విడుదల చేసింది. నగరపాలిక అందరి కోసం వెబ్‌సైటులో పెట్టిన జాబితాలు తీసుకుని, ఊళ్ళో జనానికి పనికొచ్చేవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోనులో చూపించే యాప్ అది.

"గా జాబితాలు ఊకెనే ఇచ్చిండ్రా?" అన్నాడు రామదాస్ బ్రష్షు ముంచుతూ.

"ఓపెన్ డేటా బాపూ. ఎవలైనా వాడుకోవచ్చు."

"పాలిక ఊకె ఇచ్చిందంటే ఏదో ఉన్నది. నువ్వేం సంతకం పెట్టలేదు గద?"

గేటు సగం పచ్చబడేసరికి ఒక యువకుడు బండి దిగాడు. ఫోను వంక చూశాడు, ఇంటి వంక చూశాడు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు.

"కాకా, గిదేనా?"

"ఏది గిదేనా?"

"ఫోన్ల గిదే చూపిస్తున్నది. జర లోపలికి పోయి రావచ్చా?"

"ఎందుకు?"

యువకుడు సిగ్గుపడ్డాడు. ఏదో చెప్పబోయి, తడి గేటు పట్టుకుని, పచ్చటి చేతులతో బండెక్కి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఒక భార్యాభర్తల జంట వచ్చింది.

"నీళ్ళు బరాబర్ వస్తయా?" అని అడిగాడు భర్త.

"వస్తయి. నీకెందుకు?"

"ఆడోళ్ళకు వేరే ఉన్నదా?" అంది భార్య.

ఇంట్లో ఆడవాళ్ళకు విడిగా గది ఉందా అని అడుగుతోందనుకున్నాడు రామదాస్. అతని చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"ఎంత తీసుకుంటరో చెప్పుండ్రి కాకా. మాకు జర తొందరున్నది."

"తొందరుంటే వేరేకాడ చూసుకోండ్రి! ఇది ఇచ్చేది లేదు!"

వాళ్ళిద్దరూ దాదాపు పరుగెత్తారు. వంటింట్లోంచి భార్య ఉమాబాయి కేకేసింది. "ఎవలు గాళ్ళు?"

"కొనేటోళ్ళు."

"ఏం కొనేటోళ్ళు?"

"మన ఇల్లు!"

ఆ ఇల్లు రామదాస్ పేరునా, తమ్ముడు ఉమాకాంత్ పేరునా ఉంది. ముద్ఖేడ్‌లో విత్తనాల దుకాణం పెడతానని ఉమాకాంత్ ఏడాదిగా అంటున్నాడు. దుకాణానికి డబ్బు కావాలి. డబ్బుకు ఇల్లు కావాలి. రామదాస్‌కు అంతా అర్థమైపోయింది.

"శుభాంగీ! పాలిక కాగితాలల్ల ఇల్లు ఎవల పేరున ఉన్నదో చూడు!"

"ఇద్దరి పేర్లూ ఉన్నయి బాపూ," అంది ఆమె పైనుంచి.

"ఇయ్యాల్టికైతే ఉన్నయి," అని రామదాస్ తమ్ముడికి ఫోన్ చేశాడు. "నాకంతా తెలిసింది. జల్ది రా," అని మాత్రమే చెప్పి పెట్టేశాడు.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన ఉమాకాంత్ గేటు చూడగానే ఆగిపోయాడు. "ఓహో! రంగేస్తున్నవా? కొనే పార్టీకి చూపెట్టనీకా? నాకు చెప్పకుంటనే అమ్ముతున్నవా అన్నా?"

"నేను అమ్ముడా? నువ్వు పంపినోళ్ళే పొద్దటి సంది గేటు పట్టుకుని ఏలాడుతున్నరు!"

"నా పార్టీ పొద్దున ఎందుకొస్తది? నందకిషోర్ మధ్యాహ్నం తెస్తనన్నడు గద..."

మాట సగంలో ఆగింది. ఉమాబాయి గడపలోకి వచ్చి నిలబడింది.

"నందకిషోర్ ఎవడు?" అన్నాడు రామదాస్.

"బ్రోకరు," అన్నాడు ఉమాకాంత్ నేల చూస్తూ. "ఊకె చూసి పోతరని..."

పొద్దుటినుంచీ అనుమానించిందే అయినా, తమ్ముడి నోట వినేసరికి రామదాస్ బ్రష్షును డబ్బాలో పడేశాడు. గట్టిగా తిట్టబోయాడు.

అంతలో వీధిలోకి ఒక బస్సు వచ్చి ఆగింది. మాహూర్‌లో అమ్మవారి దర్శనం చేసుకుని, నాందేడ్ మీదుగా నిజామాబాద్ తిరిగిపోతున్న జనం బిలబిలా దిగారు. రామదాస్ రెండు చేతులూ చాపి గేటుకు అడ్డం నిలబడ్డాడు. "బస్సేసుకుని అచ్చినా సరే, ఇల్లు అమ్మను!"

ముందు నడుస్తున్న ముసలావిడ శివవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "నీ ఇల్లెవలికి గావాలె కొడుకా? పొద్దటి సంది బస్సుల కూసున్నం. సండాసు ఎటున్నదో చెప్పు."

పక్కనున్న డ్రైవరు ఫోను చూపించాడు. అందులో రామదాస్ ఇంటి మీద ఎర్రటి చుక్క. దాని కింద 'ప్రజా మరుగుదొడ్డి' అని ఉంది.

కిందికి దిగివచ్చిన శుభాంగి ఆ ఫోను చూసి నాలుక కరుచుకుంది. పాలిక జాబితాలో ఏ లోపమూ లేదు. యాప్ పనిచేస్తోందో లేదో చూడటానికి ఆమే ఒక ఉత్తుత్తి మరుగుదొడ్డిని సృష్టించి, దానికి సొంత ఇంటి చోటు ఇచ్చింది. "తీసుడు మర్చిపోయిన బాపూ," అంది.

"ముందుగాల వాళ్ళను పోనియ్యుండ్రి. కొట్లాట తర్వాత పెట్టుకుందురు," అని ఉమాబాయి పెరటి దారి చూపించింది. నిమిషంలో పెరటినుంచి వీధి మలుపుదాకా వరుస కట్టింది. నీళ్ళు చాలకపోతే ఉమాకాంత్ చేతికి బకెట్ ఇచ్చింది. అతను మారుమాట్లాడకుండా బోరు దగ్గరికి నడిచాడు.

సరిగ్గా అప్పుడే కారు వచ్చింది. ముందు సీట్లోంచి నందకిషోర్ "మంచి ఏరియా సేఠ్, శాంతంగ ఉంటది," అంటున్నాడు. వెనక సీట్లోని పెద్దమనిషి అద్దం దించి వరుసను చూశాడు. గేటు పట్టుకుని పచ్చబడ్డ చేతులను చూశాడు. ఎందుకు నిలబడ్డారని శివవ్వను అడిగాడు. ఆమె ఏ మొహమాటమూ లేకుండా చెప్పింది. అద్దం పైకి లేచింది. కారు వెనక్కి తిరిగింది.

ఉమాకాంత్ బకెట్ కింద పడేశాడు. "శుభాంగీ, ఇప్పుడే తీసెయ్యి బిడ్డా దాన్ని!"

"తీస్తున్న బాబాయ్. తప్పుడు డేటా ఉంచొద్దు."

"ఆగు," అన్నాడు రామదాస్. ఆ రోజు అతను నవ్వడం అదే మొదటిసారి. వరుస వైపు చెయ్యి చూపించాడు. "తప్పెట్లయితది? కండ్ల ముందట కనవడుతలేదా?"

అది జరిగి నెల కావస్తోంది. రామదాస్ ఇప్పుడు గేటు దగ్గరికి వచ్చేవాళ్ళెవరినీ అనుమానించడు. ఎందుకొచ్చారో ముఖం చూస్తేనే తెలిసిపోతుంది.