అత్తగారు పీకిన తీగలు

స్టోర్స్ గుమాస్తా ఆ ఉదయం అలారం కంటే ముందే లేచాడు. లేవడమేమిటి, మంచం మీంచి గంతేశాడు! సాయంత్రం నాలుగింటికి ఆఫీసు బ్యాండుకి ఎంపిక. మామూలు ఆరు తీగల గిటారు వాయించడం వచ్చినా, మూడేళ్లుగా ఆ బ్యాండులో అతని పని స్టాండ్లు మొయ్యడం. ఇప్పుడేమో పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్లు కావాలని బ్యాండు మేనేజరు నోటీసు పెట్టాడు. ఇలాంటి అవకాశం మళ్లీ వస్తుందా?

నిన్ననే దుకాణంలో పదకొండు గిటార్లు ఒళ్లో పెట్టుకుని చూశాడు. "ఇంక మిగిలింది ఇదొక్కటే సార్," అని దుకాణదారు ఎర్రదొకటి అందించాడు. తీగలు జంటలు జంటలుగా ఆరు వరసలు. మీటితే ఇద్దరు కలిసి వాయించినట్టు దుకాణమంతా ఘల్లుమంది! అంతే, కొనేశాడు. ఒక్కో జంటనూ ఒకే వేలితో నొక్కాలన్న సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. వేళ్లు బొబ్బలెక్కాయి. సగం తీగలు సరిగా మోగక 'టప్' అన్నాయి.

"ఈ రెండేసి తీగలు నా ప్రాణం తీస్తున్నాయి," అని మూలుగుతూ ఆంప్లిఫయరు వైరు కొనడానికి బయల్దేరాడు.

ఆ మూలుగు అత్తగారి చెవిన పడింది. ఆవిడ ముప్ఫయ్యేళ్లుగా పళ్ల డాక్టరు, క్లినిక్ ఇంటి ముందు గదిలోనే. అల్లుడంటే మహా అభిమానం. గిటారును దీపం కిందికి తీసుకెళ్లి చూశారు. "ఇంత ఇరుకా! ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే నొప్పి పుట్టదూ మరి!"

అల్లుడు తిరిగొచ్చేసరికి గిటారు రోగుల కుర్చీలో వాలి ఉంది. పక్కన స్టీలు పళ్లెంలో కత్తిరించిన తీగలు ఆరు.

"అత్తయ్యగారూ! ఏం చేశారండీ!"

"అడ్డమొచ్చినవి తీసేశాను బాబూ. ఇంక హాయిగా ఉంటుంది. ఒక గంట దాకా గట్టిగా వాయించకండి."

గుమాస్తా దుకాణానికి ఫోను చేస్తే, ఆ తీగలు వచ్చేవారమే వస్తాయన్నారు. "మళ్లీ స్టాండ్లే నా బతుకు," అని అక్కడే కూలబడ్డాడు.

భార్య తల్లి మీద ఇంతెత్తున లేచింది. "పన్నెండుంటేనే తీసుకుంటారమ్మా! ఎలా పీకావో అలాగే పెట్టు!"

"పీకినవి పెట్టలేను గానీ, కొత్తవి కట్టగలను," అన్నారు ఆవిడ గ్లవ్స్ తొడుక్కుంటూ. ఎత్తుపళ్లకి కట్టే సన్నటి తీగతో ఆరు ఖాళీలూ నింపారు. అవి మోగకుండా చివర దూది కుక్కారు. "చూపుకే సుమా. వీటితో నమలకూడదు."

నాలుగింటికి గుమాస్తా వేదికెక్కాడు. మీటగానే ప్రతి స్వరమూ ఖంగుమంది! నొప్పి లేదు, 'టప్' లేదు. ఆనందం పట్టలేక ఎవరూ అడక్కుండానే రెండో పాట కూడా అందుకున్నాడు. హాలంతా ఒకటే చప్పట్లు.

మేనేజరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. లేచి దగ్గరికొచ్చి, కళ్లజోడు సర్దుకుని, ఒక తీగను గోటితో లాగాడు. దూది ఊడి చేతిలోకొచ్చింది.

మేనేజరు మైకును అరచేత్తో మూశాడు. "ఎవరు చేశారిది?"

"మా అత్తగారండీ. పళ్ల డాక్టరు."

"నాలుగేళ్లుగా నా గిటారూ ఇలా పన్నెండు తీగలదేనయ్యా. ఒక్క పాటన్నా పూర్తిగా వాయించి ఎరగను. వేళ్లు పడిపోయి నేను మానేస్తేనేగా ఈ ఖాళీ వచ్చింది! సరే, నువ్వు బ్యాండులో ఉన్నావు. నోరు మెదపకు. ఆవిడ పొద్దున క్లినిక్ ఎన్నింటికి తీస్తారు?"

మర్నాడు అత్తగారి క్లినిక్‌లో ఒకటో నంబరు చీటీ ఒక నీలం గిటారుకి దక్కింది.