చవకైన ఊరు

ఆ సోమవారం పొద్దున తిరుపతిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆటోనగర్‌లో తను పనిచేసే స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్లాలి, యజమాని వెంకటకృష్ణారావుగారు కాఫీ తాగి హుషారుగా ఉన్నప్పుడు జీతం సంగతి కదపాలి, సాయంత్రం గవర్నర్‌పేటలోని ఇంటికి వచ్చేటప్పుడు మల్లెపూలు కొనుక్కురావాలి. ఇందులో మల్లెపూలు ఎవరైనా కొనగలరు. జీతం దగ్గరే అతని తెలివి అడ్డం వచ్చింది.

జీతం పెరగకపోతే ఇల్లు పోతుంది. ఇంటావిడ బుల్లెమ్మ వచ్చే నెల నుంచి అద్దె మీద ఇంకో పాతిక రూపాయలు ఇవ్వమంటోంది, లేదా ఖాళీ చెయ్యమంటోంది. ఆ వాటాలో గొప్పేమీ లేదు. రెండు గదులు, ఒక వరండా, ఎండాకాలం పెనంలా కాలే డాబా. కాని పెరట్లో వాళ్ల వాటాకే సొంతమైన కొళాయి ఒకటి ఉంది. అతని భార్య రామతులసి పెళ్లయిన కొత్తలో ఆరు కాపరాలకు ఒకటే కొళాయి ఉన్న లోగిట్లో బిందె పట్టుకుని నిలబడి, పోట్లాడి, ఏడ్చి, చివరికి ఈ ఇంటికి వచ్చి ఊపిరి పీల్చుకున్న మనిషి. ఇల్లంటే ఆమెకు ఆ కొళాయే.

"ఈవేళైనా అడుగుతారా, ఊరికే ఊరిని తిట్టి వచ్చేస్తారా?" అంది పిల్లల్ని బడికి పంపి, కాఫీ గ్లాసు అందిస్తూ.

"తిట్టడమే అడగడం. నీకు తెలీదులే, అది ఆటోనగర్ పద్ధతి."

ఆ మాట నిజమే. ఆటోనగర్‌లో జీతం పెంచమని నోరు తెరిచి అడగడం మర్యాద కాదు. బెజవాడలో బియ్యం మండిపోతున్నాయనో, అద్దెలు కట్టలేక చస్తున్నామనో యజమాని చెవిన పడేలా పక్కవాడితో అనాలి. యజమాని వినీ విననట్టు కొన్నాళ్లు ఊరుకుని, తర్వాత తనకే బుద్ధి పుట్టినట్టు ఎంతో కొంత పెంచుతాడు. మెకానిక్కులు, గుమస్తాలు, లారీ బాడీలు కట్టే వడ్రంగులు అందరూ అలాగే నెట్టుకొస్తున్నారు. ఉన్న ఊరిని తిట్టి ఊరుకునే ఇంగితం ఉంటే తిరుపతిరావూ నెట్టుకొచ్చేవాడు.

కాని అతను అప్పుడప్పుడూ మద్రాసు వెళ్లి వచ్చే మనిషాయె. మౌంట్ రోడ్డులో బేరింగులు, పిస్టన్ రింగులు కొని పార్సెల్ చేయించి, లాడ్జిలో పడుకుని, మెయిలెక్కి వచ్చేస్తాడు. ఖర్చంతా కొట్టుదే. పరాయి డబ్బుతో తిన్న ఇడ్లీ ఏ ఊళ్లోనైనా చవగ్గానే ఉంటుందన్న చిన్న సంగతి అతనికి ఏనాడూ తట్టలేదు. మెరీనా ఇసుకలో ఓ గంట కూర్చుని వచ్చిన ప్రతిసారీ బెజవాడ జనాన్ని నూతిలో కప్పల్ని చూసినట్టు జాలిగా చూసేవాడు.

కొట్టుకు వెళ్లగానే పద్ధతి ప్రకారం చిన్న గుమస్తా కాశీరావును పట్టుకుని గొంతు పెంచాడు. గాజు తలుపు వెనక వెంకటకృష్ణారావుగారు ఉన్నారు. ఆయన ఉయ్యూరు రైతు. చెరుకు మీద వచ్చిన డబ్బుతో ఈ కొట్టు పెట్టి, రోజూ ఉయ్యూరు నుంచి కారులో వచ్చిపోతుంటారు. ఎవరేం చెప్పినా శ్రద్ధగా వింటారు. నమ్మారో లేదో ఆ పెద్ద మీసం వెనక ఎవరికీ తెలియదు.

"ఇదేం ఊరయ్యా కాశీరావ్! ధరలు వింటే ఒళ్లు మంట, వీధిలోకొస్తే ఎండ మంట!" అన్నాడు తిరుపతిరావు. అక్కడ ఆపితే పని జరిగిపోయేది. "అదే మద్రాసులో అయితేనా! కూరగాయలు ఇక్కడి ధరలో సగమే. చిల్లర పైసలిస్తే బస్సువాడు ఊరంతా తిప్పుతాడు. సాయంత్రమైతే సముద్రపు గాలి, దానికి టిక్కెట్టు కూడా లేదు. నాకొచ్చే జీతంలో సగముంటే చాలు, అక్కడ రాజాలా బతకొచ్చు."

కాశీరావు తల ఊపాడు. అతనికి ఏ ఊరి గురించీ ఏ అభిప్రాయమూ లేదు. ఇంతలో గాజు తలుపు తెరుచుకుంది.

"నిజంగా అంత చవకా తిరుపతిరావ్?" అన్నారు వెంకటకృష్ణారావుగారు.

"నా కళ్లారా చూశానండీ!"

"సగం జీతంతో బతకొచ్చా?"

"దర్జాగా అండీ!"

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు. "అయితే ఇంతకాలం నిన్నీ ఖరీదైన ఊళ్లో ఉంచి అన్యాయం చేశానయ్యా. ఎలాగూ మద్రాసులో మనకో ఆఫీసు పెట్టాలనుకుంటున్నా. పెళ్లాం పిల్లల్తో వెళ్లి అక్కడే ఉండిపో. జీతం ఇదే ఇస్తాలే. సగం మిగుల్చుకుందువుగాని."

 క్రితంసారి లాడ్జివాడు స్నానానికి ఒక బకెట్టు నీళ్లిచ్చి, రెండోది అడిగితే తమిళంలో ఏదో అన్న సంగతి తిరుపతిరావుకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజంతా లెక్కలు తప్పులు రాశాడు. మల్లెపూల సంగతి సరే సరి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో కాశీరావు పురికొస పట్టుకుని గోడలు కొలుస్తున్నాడు. గుమ్మంలో బుల్లెమ్మ నిలబడి ఉంది.

"మద్రాసు వెళ్తున్నట్టు నాతో ఒక్క మాటైనా అనలేదేం బాబూ? ఈ అబ్బాయి మధ్యాహ్నం సైకిలేసుకుని వచ్చి చెప్పబట్టి సరిపోయింది. నేను పాతికన్నాను, తనే నలభై ఎక్కువిస్తానన్నాడు. బుద్ధిమంతుడు. బయానా కూడా ఇచ్చాడు," అంది.

"వచ్చే నెల్లో నా పెళ్లి కదండీ గురువుగారూ," అన్నాడు కాశీరావు సిగ్గుపడుతూ. "మీరెలాగూ సముద్రం దగ్గరికి వెళ్తున్నారు గదాని... పందిరిమంచం ఇక్కడ పడుతుందా అని చూస్తున్నానండి."

 తిరుపతిరావు పెరట్లోకి వెళ్తే రామతులసి కొళాయి దగ్గర కూర్చుని ఉంది. బిందె నిండి పొర్లిపోతున్నా కట్టెయ్యలేదు.

"మద్రాసులో మనకు కొళాయి ఉంటుందా అండీ?"

అతను వంగి కొళాయి కట్టేశాడు.

"పోనీ, అందులో నీళ్లుంటాయా?"

అతను బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఉయ్యూరు బస్సు దిగి, ట్రంకు పెట్టె, ఆవకాయ జాడీ, రెండు బెల్లం దిమ్మలతో రామతులసి పిన్ని రావమ్మ వచ్చింది. రిక్షావాడితో ట్రంకు పెట్టె ముందు గదిలో పెట్టించింది.

"నిన్న వెంకటకృష్ణారావు మా అరుగు మీద కూర్చుని అంతా చెప్పాడు అల్లుడుగారూ! మీరు చెప్పిన ఊరు నాకు సరిగ్గా సరిపోతుందట. నా ఉబ్బసానికి సముద్రపు గాలి మంచిదని డాక్టరు ఎన్నాళ్ల నుంచో మొత్తుకుంటున్నాడు. ఇక నాకెవరున్నారు? మీతో వచ్చేస్తాను. గేదెను అమ్మేశాను."

"అప్పుడేనా అత్తయ్యగారూ!"

"పక్కింటాయన దాని మీద ఎప్పుడో కన్నేశాడు. ఊఁ అనగానే తోలుకుపోయాడు. ఇంటికి తాళం వేసి వచ్చాను."

 తిరుపతిరావు యజమాని దగ్గరికి వెళ్లి "నేను కోసింది కోతలండీ" అని ఒక్క మాట ఒప్పుకుంటే పోయేది. కాని అబద్ధం ఆడినవాడికి నిజం చెప్పడం చేతకాదు, ఇంకా పెద్ద అబద్ధం ఆడటమే చేతనవుతుంది. చొక్కా తొడుక్కుని ఆటోనగర్‌కు పరుగెత్తాడు.

"మద్రాసు మాట మర్చిపోండి సార్," అన్నాడు గాజు గదిలోకి దూరుతూనే.

"అదేమిటయ్యా? నిన్న రాజాలా బతకొచ్చన్నావ్?"

"పైపైన చూసి అన్నానండీ. తాగే నీళ్లకు లారీ రావాలండి. అది వచ్చేదాకా ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి కాపలా కాయాలి. ఇళ్లు అగ్గిపెట్టెలు. చుట్టం ఒక్కడొచ్చినా ఎన్నాళ్లుంటాడని ఇంటివాడు అడుగుతాడు. సముద్రపు గాలంటారా, ఆ గాలికి తలుపు గొళ్లేలు కూడా తుప్పు పట్టిపోతాయండి!"

"మరి మన ఊరో?"

"బెజవాడేమండీ! కృష్ణ పక్కనే ఉంది. లంకల నుంచి కూరలు దిగుతాయి. పాలు గుమ్మంలోనే పితికి పోస్తారు. బియ్యం చూడండి, ఈ ధరకు ఇంకెక్కడైనా దొరుకుతాయా!"

"ఎండ సంగతో?"

తిరుపతిరావు నుదురు తుడుచుకున్నాడు. "ఎండ మంచిదండీ. ఒంట్లో ఉన్న చెడంతా చెమటగా పోతుంది."

"అయితే బెజవాడలో బతకడం సుఖమేనంటావ్."

"స్వర్గమండీ!"

"ఖర్చూ తక్కువే?"

"చాలా తక్కువండీ!" అనేశాక తన జీతం సంగతి గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"హమ్మయ్య, మంచి మాట చెప్పావు," అన్నారు వెంకటకృష్ణారావుగారు. "జీతం చాలక అవస్థ పడుతున్నావేమోనని అనుకుంటున్నా. ఇక ఆ బెంగ లేదు. నిన్నే మద్రాసు పంపాలని నేనూ చాలా ఆశపడ్డానయ్యా. అక్కడ మనకు సరుకిచ్చే కంపెనీవాళ్లు ఆఫీసు మీదే ఇల్లు ఇస్తామన్నారు. అద్దె లేదు. సొంత బావి, మోటారు, రెండు కొళాయిలు. నిన్ను మేనేజర్ని చేసి, వాళ్లిచ్చే అలవెన్సూ నీకే ఇప్పిద్దామనుకున్నా. అన్నీ ఖాయమయ్యాక చెబుదామని ఆగాను. ఇందాకే ఫోనొచ్చింది. కాని ఇంత తెలిసి పిల్లలున్నవాణ్ణి ఆ కష్టాల్లోకి ఎలా పంపను? పాపం కదూ?"

"సార్, నేను... అంటే... కొంచెం కష్టమైనా..."

"వద్దయ్యా. నువ్వు స్వర్గంలో ఉండు," అని ఆయన తలుపులోంచి కేకేశారు. "కాశీరావ్! మద్రాసు వెళ్తావా?"

"వెళ్తానండి," అన్నాడు కాశీరావు. వెళ్తే ఏమొస్తుందని కూడా అడగలేదు.

ఇల్లు ఖాళీ చేయక్కర్లేదన్న ఒక్క సంతోషాన్ని పట్టుకుని తిరుపతిరావు ఇంటికి వచ్చాడు. బుల్లెమ్మ అప్పటికే వరండాలో ఉంది. కాశీరావు మళ్లీ సైకిలేసుకుని వచ్చాడనీ, బయానా తిరిగిచ్చేశాననీ అంది. కాని ఒకడు నలభై ఎక్కువిస్తానన్న ఇంటిని పాతికకే ఇవ్వడానికి తనకేమైనా పిచ్చా అంది. ఇస్తే ఉండండి, లేకపోతే వెళ్లండి అంది.

లోపల రామతులసి జరిగిందంతా విన్నది. మేనేజరు మాట వచ్చినప్పుడు ఊరుకుంది. అద్దె లేదన్నప్పుడూ ఊరుకుంది.

"ఎన్ని కొళాయిలన్నారు?" అంది చివరికి.

"రెండు."

"రెండా?" అని అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. తిట్టినా బాగుండేది. ఆ తలుపు అవతల ఆమె ఏడుస్తోందని అతనికి తెలుసు. అతనికి మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

ఇల్లు నిలబెట్టింది రావమ్మ. పెంచిన అద్దె నెలనెలా తనే ఇస్తానంది. గేదె లేని ఇంటికి వెళ్లి ఏం చేస్తానంటూ ముందు గది తీసుకుంది, అందులో ఫ్యానూ తీసుకుంది. తిరుపతిరావు మంచం వరండాలోకి వచ్చింది. సముద్రం చూపిస్తామని రప్పించి చూపించలేదు కాబట్టి, రోజూ సాయంత్రం తనను రిక్షాలో బ్యారేజీ దగ్గరికి తీసుకెళ్లి కృష్ణ గాలైనా పీల్పించాలని షరతు పెట్టింది. అతను తీసుకెళ్తున్నాడు. ఆవిడ గట్టు మీద కూర్చుని పెద్దగా ఊపిరి తీసుకుంటుంది. అతను పక్కన నిలబడి ఆవిడ చెప్పులు కాపలా కాస్తాడు.

కాశీరావు పెళ్లయి, కొత్త పెళ్లానికి మద్రాసు చూపించి, ఆర్నెల్ల తర్వాత ఒకసారి కొట్టుకు వచ్చాడు. బుగ్గలు వచ్చాయి, చేతికి గడియారం వచ్చింది. మద్రాసు ఎలా ఉందయ్యా అని అందరూ చుట్టూ మూగితే, "ఉందండి" అన్నాడు. వెంకటకృష్ణారావుగారు ఆ సాయంత్రమే అతని జీతం పెంచారు.

అప్పటి నుంచి తిరుపతిరావు ఏ ఊరినీ పొగడటం లేదు, తిట్టటం లేదు. మొన్న ఎవరో బందరులో బతకడానికి బాగుంటుందా అని అడిగితే, తానెప్పుడూ ఆ ఊరు చూడలేదన్నాడు. అతను పుట్టింది, చదివింది, పెళ్లి చేసుకుంది బందరులోనే.