హత్యలకి మన క్లారినెట్

ఇటలీ వాడికి సిగ్గుందాండీ? మనిషిని చంపితే చంపాడు, వెనకాల అంత కమ్మటి వయొలిన్ ఎందుకంట! రాజమండ్రి క్లారినెట్ గంగాధర్‌గారి కడుపుమంట ఇదే.

పెళ్ళి ఊరేగింపుల్లో వీధి వీధంతా నిలబడి విన్న క్లారినెట్ ఆయనది. ఇంట్లో భార్య రత్నమాణిక్యం మాత్రం ఏనాడూ కూర్చుని విన్న పాపాన పోలేదు. ఆయన సాధన మొదలెడితే ఆవిడ మిక్సీ వేస్తుంది. అలాంటి మనిషి సాయంత్రమయ్యేసరికి పక్కింటి రూబీని పిలుచుకుని, ఏళ్ళ తరబడి సాగుతున్న ఇటలీ నేరాల సీరియల్ ముందు కూర్చుంటోంది.

"ఒక్క ముక్కైనా అర్థమవుతోందటే నీకు?"

"కింద ఇంగ్లీషులో పడుతుంది కదండీ. అయినా నేను చూసేది సంగీతం కోసం."

సంగీతం కోసం! క్లారినెట్ వాయించేవాడి పెళ్ళాం! ఆయనకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఆవిడ కూరగాయలకి వెళ్ళగానే, సెట్టింగుల్లోకి దూరి టీవీ గొంతు నొక్కేశాడు. ఆ సంగీతం ఆగిపోతే ఇక తన సంగీతమే గతి.

సాయంత్రం తెరమీద శవం దొరికింది. చప్పుడు లేదు.

"అయ్యయ్యో, టీవీ పోయిందా? నేను లేనూ!" అంటూ క్లారినెట్‌తో ఊడిపడి మోహన రాగం ఎత్తుకున్నాడు.

"శవం ముందు మోహన ఏంటండీ, దానికేమన్నా పెళ్ళా?" అంది రత్నమాణిక్యం.

"ఏడుపు రాగం వాయించండి అంకుల్" అంది రూబీ.

ఏడిపించాడు. తెరమీద ఇన్‌స్పెక్టరు పరిగెత్తాడు. "వేగం, వేగం! అదుగో, వాడికి అనుమానం వచ్చింది, ఆపండి! ఇప్పుడు ముద్దు పెట్టుకుంటున్నారు, కళ్ళు మూసుకుని వాయించండి" అంటూ తరిమింది రత్నమాణిక్యం.

ఎపిసోడ్ అయ్యేసరికి పెదాలు వాచిపోయాయి. మెచ్చుకుంటుందేమోనని చూశాడు.

"పరుగు దగ్గర శ్రుతి తప్పారు. మొన్న సాధనలోనూ వేగం దగ్గర ఇలాగే తప్పారు" అంది ఆవిడ.

అంటే మిక్సీ వేస్తూ కూడా వింటోందా! ఆయనకి కోపం సగమైంది. అయినా పెదాలు పెదాలే. మర్నాడు టీవీ గొంతు విప్పేద్దామని మెల్లిగా రిమోట్ అందుకున్నాడు.

"అక్కడ పెట్టండి. నిన్న పర్సు మర్చిపోయి వెనక్కొస్తే, మీరు నొక్కుతున్నదంతా చూశా. మీరే వాయిస్తారని వీధిలో అందరికీ చెప్పేశాను."

సాయంత్రానికి హాలు నిండిపోయింది. గంగాధర్‌గారు రుసరుసలాడుతూనే, తల దువ్వుకుని మరీ వచ్చి కూర్చున్నారు.

"ముందు మన కీర్తన ఒకటి వాయించనా, మాణిక్యం?"

"హంతకుడు దొరకనివ్వండి, విందాం."