జడలో జడత్వం

ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ పిల్లను ఇంట్లో అందరూ ముంగి అనేవారు. ఏమడిగినా బెల్లం కొట్టిన రాయిలా నిలబడేది మరి. ఆ ఉదయం మాత్రం గట్టిగా నిశ్చయించుకుంది. గ్లాసు మీద అట్టముక్క, దాని మీద నాణెం పెట్టి, అట్టను వేలితో ఎగరగొట్టి, నాణెం గ్లాసులోనే ఎందుకు పడిందో క్లాసులో చెప్పాలి. ఈసారీ నోరు పెగలకపోతే సైన్సు ప్రదర్శనకు ఇంకొకరిని పంపుతానని మాస్టారు ముందే చెప్పేశారు.

"అమ్మా, ఇవాళ బళ్లో జడత్వం చూపించాలి," అని గొణిగింది.

పొయ్యి మీద పాలు పొంగే హడావుడిలో తల్లికి సగమే వినబడింది.

"అత్తయ్యా, దీని జడ బళ్లో చూపించాలంట. కాస్త బాగా వెయ్యండి."

జడల పోటీ కాబోలని నానమ్మ తేల్చేసి దువ్వెన అందుకుంది. ఈ పిలకను ఏం చూపిస్తారంటూ పక్కింటి పెద్దమ్మ తన సవరం తెచ్చి కట్టింది. జడ మోకాళ్ళ దాకా దిగింది. అది కాదని చెప్పడానికి ముంగి రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ దువ్వెన తలను వెనక్కి లాగింది. పోటీ అన్నాక పెద్దవాళ్ళు ఉండాలని నానమ్మా పెద్దమ్మా వెంట బయల్దేరారు. సైన్సంటే ఇంత ఆసక్తి ఉన్న ఇంటిని తానెన్నడూ చూడలేదని మాస్టారు మురిసిపోయి, ఇద్దరినీ చివరి బల్ల మీద కూర్చోబెట్టారు.

అట్ట ఎగిరింది. నాణెం ఠంగుమని గ్లాసులో పడింది. ఎందుకలా జరిగిందని మాస్టారు అడిగారు. ముంగి ఎగిరిపడ్డ అట్టముక్కను ఏరి తెచ్చి బల్ల మీద పెట్టింది. కాసేపు చూసి, ఆయన హాజరు పట్టీలో ఇంకో పేరు వెతకసాగారు.

"అటు తిరగవే, జడ అందరికీ కనబడొద్దూ," అంది నానమ్మ వెనకనుంచి.

ముంగి ఉలిక్కిపడి గిరుక్కున తిరిగింది. తల తిరిగింది గానీ సవరం తిరగలేదు. ఊడి, నేల మీద చచ్చిన పాములా పడింది. క్లాసంతా గొల్లుమంది. తాను గట్టిగానే కట్టానని పెద్దమ్మ గింజుకుంది.

ముంగి సవరాన్ని చూసింది. గ్లాసులో నాణేన్ని చూసింది.

"నీ తప్పేం లేదు పెద్దమ్మా. దాని మానాన అది వేలాడుతోంది. నేను చెప్పాపెట్టకుండా తిరిగాను. అట్ట పోయినా నాణెం పోలేదు చూడు, ఇదీ అంతే. కదలకుండా ఉన్నదాన్ని ఎవరో ఒకరు కదిలించాలి. దానంతటది కదలదు."

మాస్టారు పట్టీ మూసి, ప్రదర్శనకు ముంగి పేరే రాసుకున్నారు. ముంగి ఉదాహరణలు చెబుతూ, దులిపిన దుప్పటిలోంచి రాలే దుమ్ము దగ్గరికి వెళ్ళింది, అక్కణ్ణుంచి బస్సు కదలగానే వెనక్కి తూలే జనం దగ్గరికి వెళ్ళింది. గంట కొట్టారు. చాలమ్మా అని మాస్టారు రెండుసార్లు అన్నారు.

కదిలినది ఎందుకు ఆగదో పుస్తకంలో తర్వాతి పేజీలో ఉంది.