రెండో కొండ మీంచి ఫోను

ఎడారి మధ్యలో, గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో, నెత్తిన ‘డ్రైవింగ్ నేర్పబడును’ అన్న బోర్డుతో ఒక కారు పోతోందంటే, అందులో ఉన్నవాళ్ళకి ఏదో గట్టి కారణమే ఉండాలి. ఉంది. ఆ కారణం పేరు వెనక గది.

గది పెద్దదేం కాదు. తూర్పువైపు కిటికీ, రెండు అలమరలు, ముప్ఫై ఒక్క రేడియోలు. వాటిలో పలికేవి రెండు. మిగతా ఇరవై తొమ్మిదింటినీ ఎప్పటికైనా పలికించి తీరతానని వాటి యజమాని, రేడియో మెకానిక్, పదకొండేళ్ళుగా పట్టుబట్టి కూర్చున్నాడు. అతని భార్యకి ఫోన్ కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం ఫిర్యాదులు వినడమే పని. ఇంటికొచ్చాక ఒక్క గంట, మనిషి గొంతు వినపడని చోట, తలుపేసుకుని కూర్చోవాలని ఆవిడ కోరిక. ఇంట్లో అలాంటి చోటు ఒక్కటే ఉంది.

“రేడియోలు తీసేస్తే నేనెక్కడ కూర్చోను?” అన్నాడు మెకానిక్.

“కూర్చుని కూర్చునే కదా ఇంత అయ్యారు. డాక్టరు నడవమన్నాడు, గుర్తుందా?”

“నడవడమేంటి, కొండలే ఎక్కుతాను.”

“ఎన్ని కొండలేంటి?”

ఒకటి అంటే సరిపోయేది. రోషంలో నోటికి మూడు వచ్చింది.

“ఎడారి దారిలో మూడు కొండలున్నాయిగా, అందరూ ఎక్కడానికి వెళ్తుంటారు. మూడూ ఎక్కి రండి. గది మీదే, ఇంక జన్మలో ఆ ఊసెత్తను. ఒక్కటి తప్పినా గది నాది.”

“ప్రతి కొండ మీంచీ ఫోన్ చేస్తాను. నా ఆయాసం నీ చెవులతో విందువుగాని.”

“మీ ఇష్టం” అంది ఆవిడ, చిన్నగా నవ్వి. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ నవ్వు వచ్చినప్పుడల్లా తనకేదో ఒక నష్టం జరిగిందని అతనికి గుర్తు రావలసింది. రాలేదు.

తోడొచ్చినవాడు చిన్ననాటి స్నేహితుడు, డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. అందరూ బ్రేకు మాస్టారంటారు. కారు ఆయనదే, నేర్చుకునేవాళ్ళ కోసం రెండువైపులా బ్రేకులున్న కారు. మెకానిక్ నడుపుతుంటే పక్క సీట్లో మాస్టారి కాలు ఊరుకోదు. మలుపు కనపడితే బ్రేకు. లారీ కనపడితే బ్రేకు. చాలాసేపు ఏమీ కనపడకపోతే, అనుమానమొచ్చి బ్రేకు.

“ఎదురుగా ఇసుక తప్ప ఏముందిరా?” అన్నాడు మెకానిక్, స్టీరింగుకి నుదురు తగిలాక.

“ఇసుకే కదా అని తేలిగ్గా తీసుకోకు” అన్నాడు మాస్టారు.

మొదటి కొండ నిజంగానే ఎక్కాడు. సగం కాళ్ళ మీద, సగం చేతుల మీద, ఆఖరి పాతిక గజాలు కేవలం మొండితనం మీద ఎక్కాడు. పైకి చేరి ఫోన్ చేస్తే గొంతులోంచి మాట రాలేదు, గాలి వచ్చింది.

“నమస్కారం, మీ సమస్య చెప్పండి” అంది భార్య, అలవాటుగా.

“నేనే... ఎక్కాను.”

“ఒకటి” అంది ఆవిడ, నిజాయితీగా.

దిగేసరికి రెండు మడమలకీ బొబ్బలు. మర్నాడు దూరంగా రెండో కొండ కనపడేసరికి అతని పై ప్రాణాలు పైనే పోయాయి. మొదటిదానికన్నా ఇది రెండింతలుంది. సరిగ్గా అప్పుడే దారి పక్కన ఒక పెట్రోల్ బంకు వచ్చింది, ఆగిపోయిన మెసేజులన్నీ వచ్చిపడి జేబులో ఫోను నాలుగుసార్లు మోగింది. తీసి చూస్తే సిగ్నల్ నిండా ఉంది. మెకానిక్ బుర్రలో దీపం వెలిగింది.

“ఒరేయ్, ఇక్కడ ఆగుదాం.”

మాస్టారు అప్పటికే ఆపేశాడు.

సంగతి విన్నాక మాస్టారు తల అడ్డంగా ఊపాడు. “చెల్లెమ్మతో అబద్ధమా? తప్పురా.”

“గది పోతే నా రేడియోలు వీధిన పడతాయి. ఎండలో నువ్వూ కొండెక్కాలి. ఆలోచించుకో.”

మాస్టారు కొండకేసి ఓసారి చూసి, ఆలోచించుకున్నాడు.

ముందు ఆయాసం కావాలి. మెకానిక్ బొబ్బల కాళ్ళతో కారు చుట్టూ ఆరుసార్లు పరిగెత్తాడు. “ఆ పరిగెత్తేదేదో కొండ మీదే పరిగెత్తచ్చుగా” అన్నాడు మాస్టారు. తరవాత గాలి కావాలి. దానికి మాస్టారు కారులోని కాళ్ళపట్టా తీసి ఫోను పక్కన విసరడం మొదలెట్టాడు. అందులో ఆర్నెల్ల దుమ్ముంది.

“చేరారా?” అంది భార్య.

“చే... రాను” అని దగ్గాడు.

“ఏం కనపడుతోంది పైనించి?”

“ఆహా, ఇసుక.”

“ఇంకా?”

“ఇంకా ఇసుకే.”

“డీజిలా, పెట్రోలా?” అన్నాడు బంకు మనిషి, వెనకనించి.

“ఎవరండీ అది?”

“ఇక్కడికి ఎక్కినాయనే. ఎండ దెబ్బకి ఏదేదో మాట్లాడుతున్నాడు.”

“అయ్యో పాపం. కాసిని నీళ్ళివ్వండి. ఫోను చక్కగా వినపడుతోందే, సిగ్నల్ బాగుందా?”

“బ్రహ్మాండం. ఇంత ఎత్తులో ఉన్నాను కదా.”

“సంతోషం. జాగ్రత్తగా దిగండి” అని పెట్టేసింది.

“రెండు అందా?” అడిగాడు మాస్టారు, దుమ్ము తుడుచుకుంటూ.

“అంటుంది లేరా, తొందరేముంది.”

కారు రెండో కొండ పక్కనించే పోయింది. కర్ర పోటేసుకుంటూ ఒక ముసలావిడ సగం దూరం ఎక్కి, నిలబడి ఊపిరి తీసుకుంటోంది. మెకానిక్ తల తిప్పుకున్నాడు. అతనికి నిజంగా సిగ్గేసింది.

“మూడోది మాత్రం ఎక్కుతాను” అన్నాడు. “పాకైనా సరే, దేకైనా సరే. నన్ను ఆపకు.”

ఆ రోజుకి మాస్టారు మళ్ళీ బ్రేకు మీద కాలు పెట్టలేదు.

మర్నాడు మూడో కొండ ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. బొబ్బలు చితికాయి, బూటు మడమ ఊడింది, మాస్టారు రెండుసార్లు వెనక్కి పోదామన్నాడు. మెకానిక్ వినలేదు. పైకి చేరి రాతి మీద కూలబడేసరికి అతనికి ఏడుపొచ్చినంత పనైంది. అంత సంతోషం పదకొండేళ్ళలో ఏ రేడియో ఇవ్వలేదు.

“ఎక్కాను. మూడోది” అన్నాడు ఫోన్లో.

“తెలుస్తోంది. ఇది అసలైన ఆయాసం” అంది భార్య. “రెండు.”

“మూడు కదా?”

“రెండేనండి. నిన్న మీరు ఫోన్ పెట్టేసిన అరగంటకి వడ్రంగిని పిలిచాను. వెనక గదిలో బల్ల బిగించేశాడు. రేడియోలు మంచం కింద సర్దాను, మీవైపు.”

“అదేంటి? నిన్న పైనించే కదా ఫోన్ చేశాను?”

“ఆ కొండ మీద సిగ్నల్ రాదండి. పైనా రాదు, కిందా రాదు. తొమ్మిదేళ్ళుగా ఆ ఫిర్యాదులు రాసుకునేది నేనే. దారిలో పెట్రోల్ బంకు దగ్గర టవర్ ఉంది, అక్కడికెళ్ళి మాట్లాడుకోండని అందరికీ చెప్పేదీ నేనే.”

ఫోనుకి చెవి ఆనించి వింటున్న మాస్టారు మెల్లిగా రెండడుగులు పక్కకి జరిగాడు.

“ముందే తెలిసి నన్ను ఇరికించావన్నమాట.”

“నేనడిగానా ఫోన్ చెయ్యమని? చేస్తానన్నది మీరు. ఎక్కాను, ఫోను కలవలేదు అని ఇంటికొచ్చి చెప్పుంటే, మారు మాట్లాడకుండా గది ఇచ్చేసేదాన్ని.”

మెకానిక్‌కి అప్పటికీ పట్టుదల చావలేదు. కుంటుతూనే లేచి నిలబడ్డాడు.

“సరే. ఇప్పుడే వెనక్కి తిప్పుతాను. రెండోది కూడా నిజంగా ఎక్కుతాను. అప్పుడు గది నాదేనా?”

“న్యాయమే, ఎక్కండి” అంది భార్య. “పైకెళ్ళగానే ఫోన్ చెయ్యండి.”